ముసురుకొండ ఘాట్‌లో తాత్కాలిక సెన్సర్

నమోదు 1

తాత్కాలిక సెన్సర్‌గా నియమితుడైన వ్యక్తి రోజూ లాగ్ రాయాలని నియమం. ఇచ్చిన కాగితంలో రెండు గడులు ఉన్నాయి. ఒకటి "ఒత్తిడి", రెండోది "ఇతర వివరాలు". మొదటి గడిలో అంకెలు రాశాను. తక్కినవి ఇక్కడ.

నిన్న దిగువపేట టౌన్‌హాల్లో సన్మానం జరిగింది. సన్మానం అందుకున్నది వజ్రం గారి అద్దె కారులోని ఒత్తిడి సెన్సర్. టర్బో ఇంజన్‌లోకి ఎంత గాలి తోస్తోందో కొలిచి చెప్పడం దాని పని. బొటనవేలంత ఉంటుంది. పదేళ్లలో ఒక్క తప్పు అంకె చెప్పలేదని సన్మాన సంఘం నిర్ధారించింది. కారును వేదిక మీదికి ఎక్కించి, సంఘం కార్యదర్శి విఠలేశ్వరం గారు సెన్సర్‌కు శాలువా కప్పారు. శాలువా మనుషుల సైజుదే. సెన్సర్ల సైజులో నేయించాలన్న ప్రతిపాదన ఇంకా చేనేత శాఖలో ఉంది. కాబట్టి మడతలు పెట్టి, సెన్సర్‌నూ దాని వైర్లనూ కలిపి చుట్టి, జారిపోకుండా సర్ది, చప్పట్లు కొట్టించారు. బానెట్ మూత పడలేదు. మూత ఊడదీసి డిక్కీలో వేశారు.

నేను "కొండగాలి" పత్రిక విలేకరిని. పేరు పరాంకుశం. ఆ సభకు వార్త రాయడానికి వెళ్లాను. నాలుగు వాక్యాలు రాశాను. తిరుగు ప్రయాణం వజ్రం గారి కారులోనే, ఎందుకంటే ముసురుకొండ ఎక్కగలిగే బండి అదొక్కటే. ఘాట్ రోడ్డు మూడో మలుపులో ఇంజన్ నీరసించింది. ముందున్న అద్దం మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: "సాక్షి మౌనం".

మనుషుల మాటకూ ఫొటోలకూ వీడియోలకూ కోర్టులో విలువ పోయాక మిగిలిన సాక్షులు సెన్సర్లే. సాక్షి మౌనం వహిస్తే ఇంజన్ కంప్యూటర్ ఎవర్నీ నమ్మదు. బండిని నడక వేగం దాటనివ్వదు. ఎక్కుడు దారిలో ఆ వేగం కూడా దక్కదు.

సాక్షుల సంరక్షణాధికారి మృణాళిని గారు స్కూటర్ మీద వచ్చారు. వయసు ముప్పై లోపు. చేతికి తెల్ల తొడుగులు. ముందు సెన్సర్‌కు నమస్కారం పెట్టి, తర్వాత నావైపు తిరిగారు.

"సాక్షి మౌనం వహించినప్పుడు బండిలో ఎవరున్నారు?"

"నేనూ, డ్రైవరూ."

"డ్రైవరు బండి నడపాలి కాబట్టి లెక్కలోకి రారు. మీరు చూసింది చూసినట్టు చెబుతారా?"

"చెబుతాను," అన్నాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే.

ఆవిడ అక్కడికక్కడే నియామక పత్రం మీద ముద్ర వేసి ఇచ్చారు.

నమోదు 2

పని వివరాలు. కారు ముందుభాగంలో, ఎడమ దీపం పక్కన ఒక పీట బిగించారు. దాని మీద కూర్చుని, టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం మీద కుడి అరచెయ్యి ఆనించాలి. ఒత్తిడి పెరిగితే గొట్టం ఉబ్బి గట్టిపడుతుంది. ఎంత గట్టిపడిందో అంచనా వేసి, మెడకు తగిలించిన మైకులో బార్ల లెక్కన, అంటే గాలి ఒత్తిడి కొలిచే అంకెల్లో చెప్పాలి. కంప్యూటర్ దాన్ని బట్టి డీజిల్ పోస్తుంది.

మొదటి గంట నాకూ కంప్యూటర్‌కూ కుదరలేదు.

"గొట్టం కొంచెం బిగిసింది," అన్నాను మైకులో.

కారు ఆగిపోయింది.

"ఏటి సారూ! కొంచెమంటే దానికేటి అర్థమవుద్ది? నెంబరు సెప్పండి!" వజ్రం గారు అద్దంలోంచి తల బయటపెట్టి అరిచారు. ఆవిడకు యాభై దాటాయి. ముసురుకొండ ఘాట్‌లో పాతికేళ్లుగా బండి నడుపుతున్నారు.

"నాకు తెలియని అంకె ఎలా చెప్పను?"

"తెలీకపోతే ఊహించీండి!"

"ఊహించింది రాయడం మా పత్రికలో లేదండీ."

"ఇది పత్రిక కాదు సారూ, గేరు! బండి ఎనక్కి జారతంది!"

వెనక లోయ ఉంది. "ఒకటి పాయింట్ రెండు," అన్నాను.

కారు ముందుకు ఉరికింది. వెనక సీట్లో కూర్చున్న ఎరువుల కొట్టు యజమాని చప్పట్లు కొట్టాడు. అంకె తప్పే అయి ఉండాలి, నల్లటి పొగ వచ్చింది. సాయంత్రానికి నాలుగు ట్రిప్పులు వేశాం. అరచెయ్యి కమిలింది. రెండో గడిలో రాయదగ్గ విషయం: దోమలు ముందునుంచి వస్తాయి. మాట్లాడటానికి నోరు తెరవడం తప్పనిసరి.

నమోదు 3

నియామక పత్రం వెనకవైపు ఈ రోజు చదివాను. పౌర్ణమి లోపు సాక్షి నోరు విప్పకపోతే అది మరణించినట్టు ప్రకటిస్తారు. ఆ రోజునుంచి తాత్కాలిక సెన్సర్‌ను పర్మనెంట్ చేస్తారు. పదవీకాలం ఇంజన్ ఆయుష్షు ఉన్నంతవరకు. మరో ఉద్యోగం చెయ్యరాదు. రాజీనామాకు వీలులేదు, ఎందుకంటే రాజీనామా చేసిన సెన్సర్ ఇంతవరకు లేదు.

వజ్రం గారి ఇంజన్‌కు ఇంకా ఇరవై రెండేళ్లు గ్యారంటీ ఉందట. నాకు యాభై మూడు.

సంగతి ఊళ్లో తెలిసింది. మొదట వచ్చింది ఎరువుల కొట్టు యజమాని, లడ్డూల పెట్టెతో.

"గవర్నమెంటు ఉద్యోగం! అదీ ఈ వయసులో! పెట్టి పుట్టారండీ."

"నేను కారు ముందు పీట మీద కూర్చుంటున్నానండీ."

"కూర్చునే ఉద్యోగమే కదా. మా బావమరిది పదకొండేళ్లుగా టెంపరరీ మీద నిలబడి చేస్తున్నాడు."

ఇంటికి వెళ్లి నీలవేణికి చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ఉద్యోగం గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలు తక్కువ. ఈసారి ఒకటి అడిగింది.

"పెన్షన్ ఉందా?"

"ఇంజన్‌తో పాటు తుక్కుకు వేసేటప్పుడు తూకం ప్రకారం ఇస్తారని ఉంది."

"అయితే సన్నబడకండి," అంది.

పత్రికకు సెలవు చీటీ పంపాను. మా ఎడిటర్ నుంచి జవాబు: "అభినందనలు. ఘాట్ రోడ్డు వార్తలు ఇకనుంచి దగ్గరగా చూసి పంపగలరు."

నమోదు 4

వకీలు లాజరు గారిని పెట్టుకున్నాం. మా దగ్గర మెకానిక్‌లందరూ వకీళ్లే. సెన్సర్‌ను ముట్టుకోవడం సాక్షిని ప్రభావితం చెయ్యడం కిందికి వస్తుంది కాబట్టి, లా పరీక్ష పాస్ కాకుండా ఎవరూ స్పానర్ పట్టకూడదు. లాజరు గారు నల్లకోటు వేసుకుని, జేబులో మీటరు పెట్టుకుని వచ్చారు. కోటు మోచేతుల దగ్గర గ్రీజు ఉంది.

"సాక్షికి మూడు వైర్లున్నాయి," అని మొదలుపెట్టారు. మృణాళిని గారు పక్కనే నిలబడి రాసుకున్నారు. "మొదటి వైరు సాక్షికి అన్నం పెడుతుంది. అయిదు వోల్టులు. రెండోది ఎర్తు వైరు, వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి. మూడోది సాక్షి మాట మోసుకెళ్లేది. ఈ మూడూ కంప్యూటర్ దాకా కలిసి ప్రయాణం చేస్తాయి. నేను సాక్షి జోలికి పోను. కంప్యూటర్ చివర మాత్రమే అడుగుతాను. అభ్యంతరమా?"

"లేదు," అన్నారు మృణాళిని గారు.

లాజరు గారు మీటరు పుల్లలు ఆనించారు. "మొదటి వైరూ, నీలో ఎంతుంది? నిజం చెప్పు." అయిదు చూపించింది. "ఎర్తు వైరూ, నువ్వు బాగున్నావా?" బాగానే ఉంది. "మూడో వైరూ?"

సున్నా.

"బతికున్న సాక్షి ఎవరూ సున్నా చెప్పరు," అన్నారు లాజరు గారు. "బండి ఆపి ఉన్నప్పుడు కూడా బయటి గాలి ఒత్తిడి ఎంతో అంత చెప్పాలి. సున్నా అంటే రెండే అర్థాలు. సాక్షి లోపల చచ్చిపోయి ఉండాలి. లేదా సాక్షి మాట్లాడుతుంటే దారిలో ఎవరో నొక్కేస్తూ ఉండాలి."

"రెండిట్లో ఏది?" అన్నాను.

"అది తేలాలంటే కనెక్టరు పీకి చూడాలి. పీకితే నాకు మూడేళ్లు."

"మూడేళ్లేటి?" అన్నారు వజ్రం గారు.

"జైలమ్మా."

వజ్రం గారు స్టీరింగ్ మీద చెయ్యి వేసి కూర్చున్నారు. "సారు పీట మీద కూకుంటే మనుషులు నా బండెక్కడం మానేత్తన్నారు," అని నాకు మాత్రమే వినిపించేలా అన్నారు. "ముందు ఓ మనిషి అంకెలరుత్తుంటే నిద్రట్టదంట."

నమోదు 5

లాజరు గారు ఒక దారి కనిపెట్టారు. ప్రతి సాక్షికీ ఏడాదికి పన్నెండు క్యాజువల్ లీవులు ఉన్నాయి. మన సెన్సర్ పదేళ్లలో ఒక్కటీ వాడుకోలేదు. సెలవులో ఉన్న సాక్షి కనెక్టరు తియ్యవచ్చు.

దరఖాస్తు నేను రాశాను, సహోద్యోగిని కాబట్టి. కారణం అన్నచోట "విశ్రాంతి" అని రాశాను. మృణాళిని గారు చదివి, "ఇది మీ ఊహ కదా?" అన్నారు. కొట్టేసి "కారణం తెలియదు" అని రాశాను. అప్పుడు మంజూరు చేశారు. ఉన్నచోటే, పూటసేపు.

ఆవిడ తొడుగులు వేసుకుని, శాలువా కొస కదలకుండా వెనకవైపు నుంచి చెయ్యి దూర్చి, ప్రసవం చేయించే మంత్రసానిలా కళ్లు మూసుకుని, కనెక్టరు పీకారు. టక్ మంది.

"ఇప్పుడు చూడండి," అన్నారు లాజరు గారు. "వైరు చివర సాక్షి లేదు. ఈ బండిలో సాక్షి లేకపోతే కంప్యూటర్ మూడో వైరు మీద అయిదు వోల్టులు నిలబెడుతుంది. అయిదు కనిపిస్తే తప్పు సాక్షిది. మా వాడు పోయినట్టే. సున్నాయే కనిపిస్తే..."

సున్నాయే కనిపించింది.

లాజరు గారు నల్లకోటు సర్దుకున్నారు. "మాట్లాడే మనిషి ఇంట్లో లేడు. అయినా గొంతు నొక్కేసే ఉంది. నొక్కింది మనిషిని కాదు, దారిని. మూడో వైరు ఎక్కడో ఎర్తు వైరుకు తగులుతోంది. సాక్షి నిర్దోషి!"

"బతికే ఉన్నాడా?" అన్నారు వజ్రం గారు. కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. పదేళ్లు కలిసి ఘాట్ ఎక్కినవాళ్లు.

పూట సెలవు అయిపోగానే మృణాళిని గారు కనెక్టరు తిరిగి పెట్టి, సెన్సర్ చేత విధుల్లో చేరినట్టు సంతకం పెట్టించబోయారు. అది సంతకం పెట్టలేదు. ఆ గడిలో "మౌనం" అని రాశారు.

నమోదు 6

వైరు వెంట వెతికాం. కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి, టేపు విప్పుకుంటూ, వేలు జారుస్తూ వచ్చాం. ఇనుప అంచుకు రాసుకున్న చోటు లేదు. ఎలక కొరికిన చోటు లేదు. కాలిన చోటు లేదు. శాలువా అంచుదాకా మూడు వైర్లూ శుభ్రంగా ఉన్నాయి. మిగిలింది శాలువా లోపలి జానెడు.

లాజరు గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. "శాలువా ఎత్తితే అవమానం కేసు. అది నాన్ బెయిలబుల్. కప్పినవారు మాత్రమే తియ్యగలరు."

విఠలేశ్వరం గారి ఇంటికి వెళ్లాం. వరండాలో సన్మాన జ్ఞాపికలు కుప్పగా ఉన్నాయి. ఆయన పడక కుర్చీలో కూర్చుని తరవాతి సభకు పువ్వులు లెక్కపెట్టిస్తున్నారు.

"శాలువా తియ్యమంటారా?" అన్నారు. "నలభై ఏళ్లుగా కప్పుతున్నాను పరాంకుశం గారూ. ఒక్కటి కూడా తియ్యలేదు. కప్పిన శాలువా, ఇచ్చిన కూతురు ఒకటే."

"ఒక్క నిమిషం ఎత్తి చూసి మళ్లీ కప్పితే చాలండీ."

"ఎత్తి చూడటమా? మీకు శాలువా కప్పాక ఎవరైనా ఎత్తి చూశారా?"

"నాకు ఎవరూ కప్పలేదండీ."

ఆయన నావైపు మొదటిసారి జాలిగా చూశారు. "అదీ సంగతి," అన్నారు. కాఫీ తెప్పించారు.

వాకిట్లో వజ్రం గారు ఆకాశం వైపు చూపించారు. పగటి చంద్రుడు ముప్పాతిక నిండాడు.

నమోదు 7

ఈ రోజు గాలి ఎక్కువ. అయిదో మలుపులో గాలి విసురుకు శాలువా కొస లేచింది. నా కుడిచెయ్యి గొట్టం మీద ఉంది. నా ముఖం శాలువాకు మూరెడు దూరంలో ఉంది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

శాలువా మడతలు జారకుండా ఒక పిన్నీసు గుచ్చి ఉంది. పెద్ద సైజు, ఇత్తడి రంగు. అది శాలువాలోంచి దిగి, ఆకుపచ్చ వైరులోంచి దూరి, నల్ల వైరులోంచి బయటికి వచ్చి, మళ్లీ శాలువాలోకి వెళ్లి, బుద్ధిగా మూసుకుని ఉంది. ఆకుపచ్చది మూడో వైరు. నల్లది ఎర్తు.

"పిన్నీసు!" అన్నాను మైకులో.

కారు ఆగిపోయింది.

"నెంబరు సారూ, నెంబరు!"

"వజ్రం గారూ, పిన్నీసు! సెన్సర్ మాట ఎర్తులోకి పోతోంది!"

వజ్రం గారు హ్యాండ్‌బ్రేకు వేసి పరుగెత్తుకు వచ్చారు. అప్పటికి గాలి ఆగింది. శాలువా పడుకుంది. "ఓలమ్మ," అన్నారు. "సన్మానం గుచ్చేసిందేటి!"

టౌన్‌హాల్ నుంచి మూడో మలుపు వరకు కారు ఎందుకు బాగా నడిచిందో లాజరు గారు ఫోన్‌లో వివరించారు. గుచ్చినప్పుడు పిన్నీసు రెండు వైర్ల తొడుగుల్లోనే దిగి ఉంటుంది. ఘాట్ కుదుపులకు లోపలి రాగిని అందుకుంది.

మృణాళిని గారి ఆఫీసుకు వెళ్లి వాంగ్మూలం ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, కలం కింద పెట్టారు.

"పరాంకుశం గారూ, మీరు ఏ సెన్సర్?"

"ఒత్తిడి."

"ఒత్తిడి సెన్సర్ ఒత్తిడి గురించి చెప్పాలి. పిన్నీసు చూసే అధికారం మీకు లేదు. దానికి కెమెరా కావాలి. కెమెరాల సాక్ష్యం ఎలాగూ చెల్లదు."

"నేను విలేకరిగా చూశాను."

"విలేకరిగా మీరు సెలవులో ఉన్నారు."

ఆవిడ దురుసుగా అనలేదు. మజ్జిగ ఇప్పించారు. పర్మనెంట్ అయ్యాక వేసుకునే యూనిఫాం కొలతలు తీసుకోవడానికి దర్జీ వస్తాడని కూడా చెప్పారు.

నమోదు 8

దర్జీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. కుడి చెయ్యి ఎడమదానికంటే పొడుగు పెట్టమంటారా అని అడిగాడు, ఎప్పుడూ చాచి ఉంటుంది కాబట్టి.

మధ్యాహ్నం ఘాట్ మొదట్లో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాం. నేను పీట దిగకూడదు కాబట్టి వజ్రం గారు బజ్జీలు తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టారు. తను బంపర్ మీద కూర్చున్నారు.

"సారూ, మా పెద్దకోడలికి నర్సుగా సన్మానం సేశారు. ఎన్ని శాలవలనుకున్నారు? తొమ్మిది."

"ఊఁ."

"తొమ్మిదీ ఒకటి మీదొకటి ఉంచుతారేటి? మనిషి ఊపిరాడక సచ్చిపోద్ది. రెండోవోడు కప్పడానికొచ్చేసరికి, ఎనకాల నిలబడ్డ కుర్రోడు మొదటిది లాగీసి కుర్చీలో పడేత్తాడు. మూడోది వచ్చేసరికి రెండోది లాగీత్తాడు. ఎవడైనా అవమానం అన్నాడా?"

బజ్జీ నోటి దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో కొన్ని వందల సన్మానాలకు వెళ్లాను. వెనక నిలబడి శాలువా లాగే మనిషిని ప్రతి సభలోనూ చూశాను. ఒక్కసారి కూడా వార్తలో రాయలేదు.

లాజరు గారు చట్టం తిరగేశారు. సెక్షన్ ఉంది. కొత్త సన్మానం పాతదానికంటే పెద్దదైతే, పాత శాలువా "దానంతట అది వైదొలగినట్టు" భావించాలి. పిన్నీసు శాలువాలో భాగమే కాబట్టి దానితోపాటు వైదొలగుతుంది.

విఠలేశ్వరం గారు ఈ మాట వినగానే పడక కుర్చీలోంచి లేచారు.

"రెండో సన్మానమా! ఇంత తక్కువ వ్యవధిలో! ఇది చరిత్ర! కానీ దేనికి? కొత్తగా ఏం సాధించింది?"

అందరూ నావైపు చూశారు. నాకు తెలిసింది చెప్పాను. "ఇన్ని రోజులుగా ఏమీ మాట్లాడలేదండీ."

"మౌనం!" అన్నారు విఠలేశ్వరం గారు. ఆయన కళ్లు చెమర్చాయి. "సహనం! నిగ్రహం! మొదటిది సత్యానికి, రెండోది మౌనానికి! పౌర్ణమి నాడు పొద్దున్నే పెడదాం. పట్టు శాలువా. అయితే ఒక షరతు. సన్మాన పత్రం. మొదటిదానిలో నలభై విశేషణాలున్నాయి. ఇది పెద్దది కావాలి కాబట్టి నలభై ఒకటైనా ఉండాలి. సన్మానితుడితో ఒకే హోదాలో పనిచేసినవారే రాయాలి, వారే చదవాలి."

సెన్సర్‌తో పాటు సెన్సర్‌గా పనిచేసినవాణ్ని నేనొక్కణ్నే.

నమోదు 9

రాస్తున్నాను.

మొదటి ప్రతి: "ఈ సెన్సర్ గాలి ఒత్తిడిని కొలుస్తుంది. దానికి మూడు వైర్లు ఉన్నాయి." విఠలేశ్వరం గారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు.

రెండో ప్రతి: "బొటనవేలంత, నల్లని, ప్లాస్టిక్ సెన్సర్." మూడు విశేషణాలు ఒప్పుకున్నారు. "ప్లాస్టిక్" కొట్టేసి "వజ్రసమానమైన" చేశారు.

"అది ప్లాస్టిక్కేనండీ," అన్నాను ఫోన్‌లో.

"పరాంకుశం గారూ, మీకు పర్మనెంట్ కావాలని ఉందా?"

వజ్రసమానమైన అనే ఉంచాను.

వజ్రం గారు ట్రిప్పుల మధ్యలో సాయం పట్టారు. "సల్లని మనసున్న అని రాయండి."

"ఇంజన్ పక్కనే ఉంటుంది. తొంభై డిగ్రీల వేడి."

"అంత ఏడిలోనూ సల్లగా ఉందనీసి రాయండి!"

రాశాను. మధ్యలో ఓసారి మైకు ఆపడం మరిచి "అఖండమైన" అన్నాను. కారు ఆగకపోగా కొంచెం వేగం పెరిగింది. లాజరు గారికి చెబితే కారణం తెలియదన్నారు. నేనూ తెలియదనే రాస్తున్నాను.

సాయంత్రానికి నలభై ఒకటి పూర్తయ్యాయి. చదివి చూసుకున్నాను. బొటనవేలంత, నల్లని తప్ప ఒక్కటీ నిరూపించలేను. నీలవేణికి వినిపించాను.

"పెళ్లిచూపులప్పుడు మా నాన్నకు నా గురించి మీరేం రాశారో గుర్తుందా?" అంది.

గుర్తుంది. "అమ్మాయిని చూశాను. అభ్యంతరం లేదు."

నమోదు 10

పౌర్ణమి. ఉదయం. టౌన్‌హాల్.

కారు వేదిక మీద ఉంది. నేను పీట మీద ఉన్నాను. యూనిఫాం కుట్టి తెచ్చిన దర్జీ ముందు వరసలో, చేతుల మీద బట్టలతో కూర్చున్నాడు. మృణాళిని గారి దగ్గర రెండు కాగితాలున్నాయి, మరణ ధ్రువీకరణ ఒకటి, నా పర్మనెంట్ ఉత్తర్వు ఒకటి. రెండిటి మీదా ముద్ర వేసి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

పత్రం చదివాను. "నిష్కల్మషమైన" అన్నది రెండుసార్లు చదివాను. పొరపాటున కాదు. ఇతర వివరాల గడి కాబట్టి రాస్తున్నాను: ఆ క్షణంలో ఆ ముక్క నిజమే అనిపించింది.

విఠలేశ్వరం గారు పట్టు శాలువా విప్పారు. వజ్రం గారు వెనక నిలబడ్డారు. పట్టు కొస తగిలీ తగలగానే ఆవిడ పాత శాలువాను పిన్నీసుతో సహా ఒక్క లాగు లాగారు. చిన్న చప్పుడు. పిన్నీసు తెరుచుకుని వేదిక మీద పడి దొర్లింది.

ముందు అద్దం మీద ఎర్ర అక్షరాలు ఆరాయి. పచ్చగా అంకె వచ్చింది. ఒకటికి కాస్త తక్కువ. ఇంజన్ ఆపి ఉంది కాబట్టి అది టౌన్‌హాల్లోని గాలి ఒత్తిడి. ఆ గాలినే అందరం పీలుస్తున్నాం.

"మాట్లాడాడు!" అని వజ్రం గారు అరిచారు. చప్పట్లు. లాజరు గారు కోటు విప్పి ఊపారు. మృణాళిని గారు మరణ ధ్రువీకరణను నాలుగు ముక్కలు చేశారు. దర్జీ మొహం చిన్నబోయింది.

విఠలేశ్వరం గారు మాత్రం వంగి, పడిన పిన్నీసును ఏరి, కళ్లకు అద్దుకుని, పట్టు శాలువాకు పెట్టబోయారు.

"వద్దండీ!" అన్నాను. పీట మీదనుంచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "రిబ్బనుతో కడదాం."

"పిన్నీసు లేకుండా సన్మానం నిలుస్తుందా?"

"వైరు నిలుస్తుంది."

వజ్రం గారు జడలోంచి రిబ్బను తీసి వైర్లకు తగలకుండా శాలువా కట్టేశారు. విఠలేశ్వరం గారు పిన్నీసును పారేసే మనిషి కాదు. దాన్ని పట్టుకుని చుట్టూ చూశారు. నన్ను చూశారు. ఆయనకు ఏదో గుర్తొచ్చింది.

"ఈయనకు జీవితంలో ఒక్క శాలువా కూడా కప్పలేదు!" అని మైకులో ప్రకటించారు. "తాత్కాలిక సెన్సర్‌గా నిజాయితీగా సేవ చేసిన పరాంకుశం గారికి..."

నేను పీట దిగేలోపే పాత శాలువా నా భుజాల మీద పడింది. జారకుండా ఆయన పిన్నీసు గుచ్చారు. అది శాలువాలోంచి, చొక్కాలోంచి, బనీనులోంచి దిగి, భుజంలోకి వెళ్లింది.

"రెండు మాటలు చెప్పండి," అని మైకు నా నోటి ముందు పెట్టారు.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నోరు తెరిచాను. నొప్పికి ఒక్కటే వచ్చింది.

"సున్నా."

మృణాళిని గారు కలం తీశారు. నావైపు పరిశీలనగా చూసి, కాగితం మీద "సాక్షి మౌనం" అని రాశారు. తొడుగులు వేసుకున్నారు. తర్వాత, బండి ఆగి ఉంది కాబట్టి డ్రైవరు కూడా లెక్కలోకి వస్తారని, నాకు అందరికంటే దగ్గరగా నిలబడ్డ వజ్రం గారి వైపు తిరిగారు.

"అమ్మా, మీరు చూసింది చూసినట్టు చెబుతారా?"

వజ్రం గారు నావైపు చూశారు. పిన్నీసు వైపు చూశారు. పీట వైపు చూశారు.

"నేదమ్మా," అన్నారు. "నేను పుట్టినకాడినుంచి సెప్పినవన్నీ అబద్దాలే."

అని, నా వెనక్కి వచ్చి, శాలువాను ఒక్క లాగు లాగారు.

ఆవిడతో ఇన్ని రోజులు పనిచేశాను. ఆవిడ నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. నాకు మాట తిరిగి వచ్చింది. అయినా ఖండించలేదు.